పైపు సారు దుప్పటి

సూదమ్మ చేతిలో ఆ మనిషి ప్రాణం వారానికి మూడుసార్లు పడేది. పడిన ప్రతిసారీ దాన్ని భద్రంగా అతనికే అప్పజెప్పి ఇంటికి పంపేసేది. ఆమె బాధల్లా అదే.

సూదమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, పేషెంట్లు పెట్టుకున్నది. పెద్దాసుపత్రిలో లాండ్రీకీ మందుల స్టోరుకీ మధ్యనున్న పొడుగాటి హాల్లో ఆమె డయాలసిస్ చేస్తుంది. కిడ్నీలు చేతులెత్తేసినవాళ్ళు వచ్చి అక్కడి వాలుకుర్చీల్లో పడుకుంటారు. చేతికి రెండు సూదులు గుచ్చి, ఒక గొట్టంలోంచి రక్తాన్ని బయటికి తీసి, యంత్రంలో కడిగించి, ఇంకో గొట్టంలోంచి లోపలికి పంపాలి. ఒక్కో మనిషికి నాలుగు గంటల పని. ఆ సూదులు వేరేవాళ్ళు గుచ్చితే పేషెంట్లు పైకప్పు ఎగిరిపోయేలా అరిచేవారు. ఈమె గుచ్చాక, ఇంకా గుచ్చలేదా అని అడిగేవారు. ఆమె సెలవు పెట్టిందంటే ఆ పూట హాల్లో ఒక్కరి మొహంలోనూ కళ ఉండేది కాదు.

ఇక ఆ మనిషి పేరుతో మనకి పనిలేదు. హాల్లో అందరూ పైపు సారు అనేవారు. చమురు కంపెనీలో భూముల ఆఫీసరు. ఊరికి ఎగువన ఏటి అడుగునుంచి చమురు గొట్టం వెళ్ళిందంటే అది ఆయనగారి చలవే. గొట్టం వెళ్ళే దారంతా తిరిగి చూసి, ఏటి ఒడ్డున నివాసాలేమీ లేవని రాసిచ్చిన మహానుభావుడు. అప్పటికి ఆ ఒడ్డున సూదమ్మ నాన్న ఇల్లుంది, మేనత్త ఇల్లుంది, వాళ్ళ జనానిది వాడకి వాడే ఉంది. ఊరు పుట్టకముందునుంచీ ఆ నీళ్ళ పక్కనే బతుకుతున్న ఏటి జనం వాళ్ళు. కాగితాలు లేవు కాబట్టి మనుషులే లేరని తేల్చేశాడు. ఎండన పడి వచ్చాడని సూదమ్మ నాన్న అరుగు మీద కూచోబెట్టి మంచినీళ్ళిస్తే, గటగటా తాగి, మూతి తుడుచుకుని, అదే అరుగు మీద కూచుని లేరని రాశాడు. ఇలాంటివాళ్ళని ఏమనాలో తెలుగులో మాటలున్నాయి గానీ, అచ్చులో బాగుండవు.

జనం ఊరుకుంటారా? గొట్టం ఏటిని దాటే చోట గుడారాలు వేసుకుని కూచున్నారు. మా నేల కింద తవ్వడానికి మమ్మల్ని అడగాలి కదా అన్నారు. గొట్టం పగిలితే మేమూ పోతాం, మా కింద ఊరూ పోతుందన్నారు. పగలదని కంపెనీ చెప్పింది. పగలదని ఎవరు చెప్పారని అడిగితే, కంపెనీయే చెప్పిందని కంపెనీ చెప్పింది. చలికాలం మొత్తం అలాగే గడిచింది. సూదమ్మ నాన్న పడవలు బాగుచేసేవాడు. చెవులు సరిగ్గా వినపడవు. మైకులో వాళ్ళేం చెబుతారో ఒక్క ముక్క పోకూడదని ముందు వరసలో కూచునేవాడు.

ఒక తెల్లవారుజామున కంపెనీ మనుషులు పోలీసులని వెంటబెట్టుకుని వచ్చారు. ముందు దుప్పట్లన్నీ పోగుచేసి ట్రాక్టర్లో పడేశారు. తర్వాత ఏట్లో మోటారు పెట్టి, లావుపాటి గొట్టాలతో నీళ్ళు జనం మీదికి కొట్టారు. రబ్బరు బూట్లు వేసుకుని, చేతిలో మైకుతో, కొట్టమని చెయ్యెత్తింది ఈ పైపు సారే. నోట్లోంచి ఆవిరొచ్చే చలి. ఆ రోజు సెలవు మీద వచ్చి అక్కడే ఉన్న సూదమ్మ, నాన్న మీద తన శాలువా కప్పింది. అదీ తడిసి ముద్దయింది. ఆయన లేవలేదు. వణుకుతూ, వాళ్ళేమంటున్నారే అని కూతుర్ని అడుగుతూ కూచున్నాడు. న్యుమోనియా వచ్చి ఇదే ఆసుపత్రిలో, డయాలసిస్ హాలుకి రెండు గోడల అవతల పోయాడు. నీళ్ళ కోసం కూచున్న మనిషిని ఆ నీళ్ళతోనే చంపారు. కేసు మాత్రం చచ్చినవాడి మీదే పెట్టారు, పనికి అడ్డుపడ్డాడని.

గొట్టం వెళ్ళింది. ఒడ్డున వాడని ఊరి దిగువకి తరిమేశారు. చమురు పారింది. పైపు సారుకి ప్రమోషను వచ్చింది. ఆ తర్వాత కిడ్నీలు పోయాయి. ఒకరోజు పొద్దున్నే హాలు తలుపు తోసుకుని వచ్చి, అందరికీ నమస్కారం పెట్టి, తలుపు దగ్గరున్న మొదటి కుర్చీ కావాలన్నాడు. ముందెక్కి ముందు దిగిపోవచ్చని ఆయన లెక్క. సూదమ్మ చూడగానే పోల్చుకుంది. ఆయన మాత్రం ఆమెని పోల్చుకోలేదు. మొహానికి మాస్కుంది, నిజమే. మాస్కు లేకపోయినా పోల్చుకునేవాడు కాదు. ఆ రోజు ఆ ఒడ్డున ఆయన చూసింది జనాన్నే గానీ, ఒక్క మొహాన్ని కాదు.

పోనీ చూడగానే ఒళ్ళు మండే మనిషైనా బాగుండేది. అదీ కాదు. కలుపుగోలు మనిషి. వచ్చిన ప్రతిసారీ హాలంతటికీ బిస్కెట్లు పంచేవాడు. ఫోన్లో మనవరాలి బొమ్మలు చూపించేవాడు. ఎదురు కుర్చీలో రిటైరైన బస్సు కండక్టరుతో జోకులేసేవాడు. ఆ కండక్టరు తన యంత్రం మొదలైనప్పుడల్లా "రైట్ రైట్" అని కేకేసేవాడు, టీవీలో కెమెరా పట్టుకునే మేనల్లుడి గొప్పలు చెప్పేవాడు. పైపు సారూ ఆయనా జిగిరీ దోస్తులైపోయారు. గొట్టం గురించి మాటొస్తే పైపు సారు ఛాతీ పొంగేది. ఆ జనం ఊరికే నీళ్ళో నీళ్ళో అని గోల చేశారు గానీ ఇన్నాళ్ళలో ఒక్క చుక్క కారిందా చెప్పండి అనేవాడు. పక్క కుర్చీలో సూదమ్మ మేనత్త కళ్ళు మూసుకుని పళ్ళు నూరేది. చనిపోయింది ఆమెకి స్వయానా అన్న. కిడ్నీలు పోయినవాళ్ళకి ఊరంతటికీ ఒకటే హాలాయె. కంపెనీవాడూ ఏటిమనిషీ పక్కపక్కనే పడుకోవలసిందే. అత్త ఆయన బిస్కెట్లు ముట్టేది కాదు. ఆమె వంతు కూడా కండక్టరే తినేవాడు.

సూదమ్మకి పగ తీర్చుకోవాలని లేదా అంటే, కడుపు నిండా ఉంది. ఇంటికెళ్ళి అన్నం కలుపుకుంటూ వాడిని ఎన్ని రకాలుగా చంపొచ్చో ఆలోచించేది. ఆమె పనిలో అది పెద్ద విద్యేం కాదు. కానీ పొద్దున హాల్లోకొచ్చి చేతులు కడుక్కున్నాక ఆ చేతులు ఆమె మాట వినేవి కావు. వాటికి వచ్చిన పని అవి చేసుకుపోయేవి. అలా ఇన్నాళ్ళకి ఆమె తీర్చుకున్న పగల్లా ఒక దుప్పటి. రక్తం బయట తిరుగుతుంటే ఒంటికి చలి పుడుతుంది, అందుకని అందరికీ దుప్పట్లిస్తారు. మొదటి కుర్చీకి సరిగ్గా పైన ఏసీ. సూదమ్మ దుప్పట్లు ఆ చివరినుంచి పంచుకుంటూ వచ్చి, సరిగ్గా పైపు సారు దగ్గరికి వచ్చేసరికి అయిపోయాయనేది. లాండ్రీ నుంచి ఇంకా రాలేదండీ, వస్తాయండీ అనేది. ఆయన వణికేవాడు. ఆమె ఓరకంట చూసేది. ఆ చూపులో ఎంత తృప్తి ఉండేదో చెబితే ఆమె మీద మీకు గౌరవం తగ్గుతుంది.

ఒకసారి అత్త ఆమె చెయ్యి పట్టుకుని లాగి, చెవిలో అంది. "దీన్నే పగంటారటే? బళ్ళో పిల్లలు గిల్లుకున్నట్టుంది. ఇచ్చెయ్యి ఆ దుప్పటి, చూడలేక చస్తున్నాను."

సూదమ్మ తెచ్చి ఇచ్చింది. ఆయన కృతజ్ఞతగా దాన్ని తలమీదుగా లాక్కోబోయాడు. అలా కప్పుకోకూడదండీ అని ఆమె వెనక్కి లాగింది. అది పగ కాదు, హాల్లో అందరికీ ఉన్న రూలే. రక్తం బయట తిరుగుతున్నంతసేపూ సూదులున్న చెయ్యీ మొహమూ కనిపిస్తూ ఉండాలి. బీపీ పడిపోతే ముందు పాలిపోయేది మొహమే. దుప్పటి గడ్డం దాటకూడదు.

ఆ హాల్లో ఇంకో రూలు నీళ్ళది. రక్తం కడగడానికి యంత్రం తాగే నీళ్ళు అన్నీ ఇన్నీ కావు. అవి ఏట్లోంచి ఊరి పంపుకి, పంపునుంచి ఆసుపత్రి ట్యాంకుకి, అక్కణ్ణుంచి హాలు వెనక నీళ్ళ గదిలో బొగ్గు ఫిల్టర్ల గుండా యంత్రాలకి వస్తాయి. రోజూ పొద్దున్నే సూదమ్మ ఆ గదిలో గ్లాసుతో నీళ్ళు పట్టి, రంగు చూసి, వాసన చూసి, పరీక్ష పట్టీ ముంచి చూసేది. బాగున్నాయని ఆమె చెప్పాకే ఎవరికైనా సూది. మిగతావాళ్ళ డ్యూటీలో ఈ పరీక్ష కళ్ళతోనే అయిపోయేది. సూదమ్మ మాత్రం ఒక్కనాడూ వదల్లేదు. ఏటి జనం పిల్ల కదా. వాళ్ళలో పై ఇంటివాళ్ళకి నీళ్ళలో ఏ తేడా కనిపించినా, బురదైనా, చచ్చిన గొడ్డైనా, కింది ఇంటికి కేకేసి చెప్పాలి. కింది ఇల్లు ఆ కింది ఇంటికి. అలా ఏరు పోయినంత దూరం కేక పోతుంది. ఎవరితో ఎంత గొడవున్నా ఆ కేక మాత్రం ఆగదు, అందులో అబద్ధం ఉండదు. నాన్న చేతి దెబ్బ ఎలా ఉంటుందో సూదమ్మకి బతుకులో ఒక్కసారే తెలిసింది. చిన్నప్పుడు సరదాకి ఒక దొంగ కేక వేసినందుకు.

ఎండలు ముదిరిన ఒక పొద్దున పైపు సారు తన వంతు కాని రోజున వచ్చాడు. యంత్రాల రిపేరు వల్ల ఆ వారం వంతులు మారిన అత్తా, కండక్టరూ అప్పటికే అక్కడున్నారు. చేతిలో మామూలుకంటే పెద్ద బిస్కెట్ ప్యాకెట్టు. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడంలేదు. డాక్టరమ్మతో మాట్లాడి వంతు ముందుకి జరిపించుకున్నానన్నాడు. ఇవాళ ఎక్కించుకుని సాయంత్రానికల్లా కూతురి ఊరికి బయల్దేరుతున్నాడట. మనవరాలు ఒకటే పోరు. ఇకనుంచి డయాలసిస్ కూడా అక్కడే, ఎన్నాళ్ళో తెలీదు.

"మరి మా బిస్కెట్ల సంగతేంటి సార్?" అన్నాడు కండక్టరు.

"అందుకేగా పెద్ద ప్యాకెట్టు," అని నవ్వాడు పైపు సారు.

సూదమ్మ నవ్వలేదు. ఇన్నాళ్ళూ ఆమె పగ ఒకే ధీమా మీద బతికింది. ఎక్కడికి పోతాడు, ఎల్లుండి మళ్ళీ వచ్చి ఇదే కుర్చీలో పడుకుంటాడు కదా అని. ఈ రోజు కాకపోతే రేపు. రేపు కాకపోతే ఏదో ఒకనాడు. ఇప్పుడు ఏదో ఒకనాడు అన్నది లేకుండా పోయింది. బిస్కెట్లు పంచి, నమస్కారాలు పెట్టి, మనవరాలి దగ్గరికి హాయిగా వెళ్ళిపోతున్నాడు. నాన్న ఏం చేశాడో, ఎందుకు పోయాడో ఒక్క క్షణం కూడా వాడి బుర్రలోకి రాకుండానే. ఆమెకి ఏడుపు రాలేదు. ఒంట్లో ఉన్న రక్తమంతా తలకెక్కింది.

నీళ్ళ గదిలోకి వెళ్ళింది. గ్లాసు పట్టింది. రంగు లేదు, వాసన లేదు. పట్టీ ముంచితే అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. బంగారంలాంటి నీళ్ళు. గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాడి ఒంటికి తాను ఏమీ చెయ్యలేనని ఆమెకి తెలుసు. కానీ భయం పెట్టగలదు. ఏటి జనం ఏళ్ళ తరబడి పడుతున్న భయం, తెల్లారి లేవగానే ముందు నీళ్ళు వాసన చూసుకునే భయం, వాడు ఒక్క పావుగంట పడాలి. ఆ కుర్చీలో, ఆ వాచిన కాళ్ళతో, ఈ నీళ్ళు నాకొద్దు బాబోయ్ అనాలి. తర్వాత పట్టీ తప్పు చూపించిందని చెప్పి ఎక్కించేస్తుంది. ఆ మాత్రం సుఖం తనకి రాసిపెట్టి ఉండకూడదా? నాన్న కొట్టిన దెబ్బ గుర్తొచ్చింది. చెంప కూడా కాస్త చురుక్కుమంది. అయినా సరే, గ్లాసు పట్టుకుని హాల్లోకి నడిచింది.

పైపు సారు అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడిచి కూచున్నాడు.

"నీళ్ళు కొంచెం తేడాగా ఉన్నాయి సార్," అంది సూదమ్మ. అందరికీ వినపడేలాగే అంది. "నా ముక్కుకి జలుబు. మీరు చూసి చెప్పండి, ఏమైనా వాసనొస్తోందా?"

ఆయన గ్లాసు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. మచ్చలేని నీళ్ళు అవి. పసిపిల్లలకి పట్టొచ్చు. కానీ ఆయన ముక్కు ఏ వాసనకి భయపడుతోందో దాన్నే పట్టింది.

"ఆయిలే," అన్నాడు. "ఇంకా మూడు రోజులు పడుతుందన్నారే. అప్పుడే ఇక్కడిదాకా ఎలా వచ్చేసింది?"

బిస్కెట్ నోట్లో పెట్టుకోబోతున్న కండక్టరు చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఏది సార్, వచ్చేసింది?" అన్నాడు.

అప్పుడు తెలిసింది పైపు సారుకి, తన నోరు ఏం చేసిందో. అబ్బే అన్నాడు. అది కాదన్నాడు. మామూలుగా అన్నానన్నాడు. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు. ఇంత నీళ్ళు నమిలిన మనిషిని ఆ హాలు అంతకుముందు చూడలేదు. సూదమ్మ మాత్రం లెక్క కట్టుకుంటోంది. మూడు రోజులు. వంతు ముందుకి జరుపుకోవడం. కూతురి ఊరు. ఇకనుంచి అక్కడే. ఒక్కొక్కటీ వచ్చి దేని చోట అది కూచుంది. గొట్టం పగిలింది. వీడికి తెలుసు. తెలిసి, తన రక్తం వరకూ శుభ్రంగా కడిగించుకుని, మిగిలిన అందరినీ ఈ కుర్చీల్లో వదిలి, బిస్కెట్లు పంచి పోతున్నాడు. తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటే ఇదే.

అత్త కుర్చీలో లేచి కూచుంది. డాక్టరమ్మని పిలవండర్రా అని కేకేసింది. డాక్టరమ్మ వచ్చింది. ఆమె నెమ్మదైన మనిషి, గొంతు పెంచదు. ఒక్కొక్కటే అడిగింది. ఆయన ముందు ఏమీ లేదన్నాడు. తర్వాత చిన్న లీకేజీ అన్నాడు. చివరికి మొత్తం కక్కాడు. గొట్టం ఏటి అడుగున చీలింది. కంపెనీకి నిన్నే తెలిసింది. ఎండాకాలం, ఏరు మెల్లగా నడుస్తోంది, ఊరి పంపు దాకా చమురు రావడానికి మూడు రోజులు పడుతుందని ఇంజినీర్లు లెక్కేశారు. ఈలోగా చడీచప్పుడూ లేకుండా అతుకు పడిపోతుందని, ఎవరికీ చెప్పవద్దని పైనుంచి మాట. నేను చిన్న ఉద్యోగిని అన్నాడు పైపు సారు. తనకి ప్రమోషన్ వచ్చిందని ఈ హాల్లోనే అందరికీ చెప్పుకున్న సంగతి మర్చిపోయినట్టున్నాడు.

కండక్టరు ఫోను తీసి మేనల్లుడికి కలిపాడు. చేతిలో బిస్కెట్‌ని మాత్రం తిరిగి ప్యాకెట్లో పెట్టేశాడు.

పైపు సారు కుర్చీలోంచి లేవబోయాడు. కారు పిలవండి, నేను వెళతానన్నాడు. అప్పుడు సూదమ్మ అతని చేతిలో గ్లాసు తీసుకుని, అందరూ చూస్తుండగా, మాస్కు కిందికి లాగి ఒక గుటక తాగింది.

"ఇవాళ్టి నీళ్ళు బాగానే ఉన్నాయి," అంది. "నేను అబద్ధం చెప్పాను. డాక్టరమ్మగారూ, మీరు పరీక్ష చేసి చూసుకోండి. ట్యాంకులన్నీ ఇప్పుడే నింపిస్తే రెండు మూడు పూటలకి సరిపోతాయి. సార్, మీకు ఎక్కించమంటారా, వెళతారా?"

డాక్టరమ్మ ఆమెని ఒక్క చూపు చూసింది. ఆ చూపుకి తర్వాత లెక్క చెప్పుకోవాల్సి ఉంటుందని సూదమ్మకి అర్థమైంది. డాక్టరమ్మ తనే నీళ్ళ గదిలోకి వెళ్ళి పట్టీ ముంచి చూసి వచ్చి, బాగున్నాయి, మొదలుపెట్టండి అంది. ఆ వెంటనే ఊరి నీళ్ళ ఆఫీసుకి ఫోను చెయ్యడానికి పరిగెత్తింది. ఆమె పరిగెత్తడం చూసినవాళ్ళెవరూ అంతవరకూ లేరు.

పైపు సారు తన కాళ్ళ వంక చూసుకున్నాడు. చీలమండలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. ఊపిరి కూడా బరువుగానే ఆడుతోంది. కూతురి ఊరు పగలంతా ప్రయాణం. ఒక పక్క పరువు, ఒక పక్క ప్రాణం. ఆయనకి ఎంచుకోవడం పెద్ద కష్టం కాలేదు. వెనక్కి వాలి, చెయ్యి చాపాడు.

సూదమ్మ చేతులు కడుక్కుంది, మాస్కు మార్చుకుంది, గ్లవ్స్ తొడుక్కుంది. మొదటి సూది దించింది. రెండోది దించింది. ఆ రోజు కూడా నొప్పి తెలియలేదు. కావాలనే తెలియనివ్వలేదు. గొట్టాలు కలిపి, యంత్రం మొదలుపెట్టి, ప్లాస్టర్లు గట్టిగా అంటించింది. ఎర్రగా రక్తం బయటికి నడిచింది. ఇక నాలుగు గంటలు ఆ మనిషి ఆ కుర్చీలోంచి కదల్లేడు.

అప్పుడు వంగి, నెమ్మదిగా అంది. "మీరు నివాసాలు లేవని రాశారే, అక్కడ మా ఇల్లుండేది. మా నాన్న మీకు మంచినీళ్ళిచ్చాడు. తర్వాత గొట్టం దగ్గర ముందు వరసలో కూచున్నాడు. చెవులు వినపడవు ఆయనకి. మీరు చెయ్యెత్తి నీళ్ళు కొట్టించారు."

ఆయన ఆమె కళ్ళలోకి చూశాడు. వెతికాడు. నిజంగానే వెతికాడు, పాపం. "చాలామంది కూచున్నారు కదమ్మా," అన్నాడు చివరికి. "ఎవరో నాకు..."

ఆమె ఎదురు చూసిన మాట అది కాదు. ఏం ఎదురు చూసిందో ఆమెకీ తెలియదు. కానీ ఆ మాటతో ఆమె లోపల ఇన్నాళ్ళూ కాస్త తడిగా ఉన్నదేదో ఎండిపోయింది. ఇక జాలి పడాల్సిన అవసరం లేదని తేలిపోయాక మనిషికి భలే తేలిగ్గా ఉంటుంది. ఆమె లేచి అత్త కుర్చీ దగ్గరికి నడిచింది.

అత్త ఎడమ చెయ్యి సూదికి చాపి, కుడి చేత్తో ఫోను పట్టుకుని ఉంది. సూదమ్మ సూది దించుతుంటే అడిగింది. "దొంగ కేక వేశావా?"

"వేశానత్తా."

"మీ నాన్న ఉంటే ఒక్కటి తగిలించేవాడు," అంది అత్త. ఫోను చెవికి ఆనించుకుంది. "తగిలించి, అసలు కేక తనే వేసేవాడు."

అటునుంచి ఎవరో పలికారు. ఊరి దిగువన మొదటి ఇల్లు. అత్త గొంతు పెంచింది. ఏటి ఒడ్డున నిలబడి కేకేసేటప్పటి గొంతు అది. సూదమ్మ ఆ గొంతు విని ఏళ్ళయింది.

"పై ఇంటినుంచి చెబుతున్నా. గొట్టం పగిలింది. నీళ్ళు పట్టుకోగలిగినన్ని ఇప్పుడే పట్టుకోండి, రేపట్నుంచి ముట్టకండి. కింది ఇంటికి చెప్పండి."

అంతే, పెట్టేసింది. ఆమె యంత్రం అలా మొదలైందో లేదో ఫోను తిరిగి మోగింది. కేక అప్పటికే ఏడెనిమిది ఇళ్ళు దిగిపోయిందట. గొట్టానికి ఎగువనున్నవాళ్ళకీ తెలిసిందట. అందరూ గొట్టం దాటే చోటికి బయల్దేరుతున్నారట, గుడారాలతో సహా. ఈసారి ఊరివాళ్ళు కూడా వస్తామంటున్నారట. తాగే నీళ్ళు తమవే కదా మరి, ఇప్పుడు గుర్తొచ్చింది. అత్త అంతా విని, దుప్పట్లు మర్చిపోకండి అని మాత్రం చెప్పింది. ఇంత ఎండల్లోనా అని అటువాళ్ళు అడిగినట్టున్నారు. ఎండలైనా సరే పట్టుకెళ్ళండి అంది.

మధ్యాహ్నం కాకుండానే హాలు ముందు వరండా నిండిపోయింది. నీళ్ళ ఆఫీసువాళ్ళు వచ్చారు, పైపు సారు నోటినుంచే వినాలని. పోలీసులు వచ్చారు. కండక్టరు మేనల్లుడు భుజం మీద కెమెరాతో వచ్చాడు. వాణ్ణి చూసి ఇంకో ఇద్దరు వచ్చారు. లోపలికి రావద్దని డాక్టరమ్మ ఆపింది. కానీ తలుపుకి పైసగం అద్దం. మొదటి కుర్చీ ఆ తలుపుకి ఎదురుగానే. ముందెక్కి ముందు దిగుదామని కోరి ఎంచుకున్న కుర్చీ కదా.

పైపు సారు కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు. మొహం అటు తిప్పుకున్నాడు. అటు తిప్పితే అత్త. ఆమె కళ్ళార్పకుండా చూస్తోంది. ఎదురుగా కండక్టరు. ఆయన జోకులెయ్యడంలేదు. సూదులున్న చెయ్యి కదపడానికి లేదు. కంపెనీనుంచి ఎవరైనా ఫోను చేశారా అని అడిగాడు. ఆయన ఫోను ఎంతకీ మోగలేదు. టీవీలో అప్పటికే కంపెనీ పెద్దమనిషి ఒకాయన, సమాచారం దాచింది కింది స్థాయి ఆఫీసరొకడని చెప్పేసి చేతులు దులుపుకున్నాడు. నివాసాలు లేవని రాసినట్టే ఇప్పుడు ఈయన కూడా తమవాడు కాడని రాసేశారన్నమాట. ఆ వార్త కండక్టరు ఫోన్లో చూసి పైకి చదివి వినిపించాడు, ఒక్క ముక్క పోకుండా.

"చలేస్తోందమ్మా," అన్నాడు పైపు సారు. నిజంగానే వణుకుతున్నాడు. "ఒక్క దుప్పటి."

ఈసారి సూదమ్మ లాండ్రీ నుంచి రాలేదని అనలేదు. స్వయంగా వెళ్ళి, కొత్తగా ఉతికిన దాన్ని, మందంగా ఉన్నదాన్ని ఏరి తెచ్చింది. వాచిన పాదాల కింద మడత పెట్టింది. మోకాళ్ళ మీదుగా, పొట్ట మీదుగా సర్దింది. సూదుల చెయ్యి బయటికి ఉంచి గడ్డం దాకా కప్పింది. ఆయన ఖాళీగా ఉన్న చేత్తో దుప్పటి అంచు పట్టుకుని మొహం మీదికి లాక్కున్నాడు.

అద్దం అవతల కెమెరాలు కదిలాయి. సూదమ్మ ఆ అంచుని రెండు వేళ్ళతో పట్టుకుని, మెల్లగా, ఆయన వేళ్ళని ఒక్కొక్కటిగా విడిపించి, గడ్డం కిందికి దించి, మడతపెట్టి, ముడతలు లేకుండా చేత్తో రాసింది.

"మొహం కప్పకూడదు సార్," అంది. "కనిపిస్తూ ఉండాలి."

గోడ గడియారం వైపు చూసింది. ఇంకా చాలా టైముంది.